బొమ్మ చెప్పు, పేరు చెప్పకు

వీధి తలుపు దగ్గర, మధ్యాహ్నం రెండున్నరకి: లిఫ్టు మెకానిక్ భార్య, అతనితో కలిసి పనిచేసే, అందరూ స్పానర్ అని పిలిచే స్నేహితుడు.

"ఇంకా చెప్పలేదా?"

"మెల్లగా మాట్లాడు అన్నయ్యా. చూపు పోయినప్పట్నుంచి మా అత్తయ్యకి అన్నీ చెవులే."

"నాలుగింటికల్లా వాణ్ణి తెచ్చేస్తారు చెల్లెమ్మా. పోస్టుమార్టం అయిపోయింది, సంతకాలే మిగిలాయి. వ్యాను వచ్చి గుమ్మం ముందు ఆగాక చెబుతావా ఆవిడకి, నీ కొడుకు పోయాడని?"

"పోనీ నువ్వు చెప్పు."

"నేనా?"

"పద్దెనిమిదేళ్లు ఆయనతో లిఫ్టులు బాగుచేశావు. ఆవిడ నిన్ను తిట్టినన్ని తిట్లు కన్న కొడుకుని కూడా తిట్టలేదు. నువ్వు చెబితే వింటుంది."

"నావల్ల కాదు. నావల్ల కాదు చెల్లెమ్మా. వాడు షాఫ్టులోకి దిగేముందు అడిగాడు, స్విచ్చి ఆపావా, ముట్టుకోవద్దని బోర్డు తగిలించావా అని. ఆ అన్నాను. అన్నానంతే. తగిలించానో లేదో ఇప్పుడు ఎంత తల బద్దలు కొట్టుకున్నా గుర్తు రావట్లేదు. ఈ మొహం వేసుకుని వెళ్లి ఆవిడ ముందు కూర్చోమంటావా?"

"ఆ మాట నాకు చెప్పకు. ఇవాళ చెప్పకు."

"చెప్పను... ఆవిడేమనుకుంటోంది?"

"రాత్రి డబుల్ డ్యూటీ పడిందన్నాను. మరి నువ్వెక్కడికి పోయావే అంది. పక్కింటి పిన్నికి ఒంట్లో బాగోలేదు, తోడు పడుకున్నానన్నాను. వాడు ఫోను ఎత్తట్లేదేంటంటే ఛార్జింగ్ అయిపోయి ఉంటుందన్నాను. ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతున్నాను. ఏది ముందు కూలుతుందో నాకే తెలీదు."

"పాప?"

"బడికి పంపేశాను. పిన్ని తీసుకొస్తానంది. అది వచ్చేలోపు ఈవిడకి చెప్పాలి. మూడుసార్లు దగ్గరికెళ్లి, మంచినీళ్లు కావాలా అని అడిగి వచ్చేశాను. నాలుగోసారి ఆవిడే అంది, నన్నేమైనా పూలకుండీ అనుకున్నావా, అస్తమానూ నీళ్లు పోస్తావు అని."

"మరేం చేద్దాం?"

"పొద్దుట్నుంచీ కార్డు తీయమని గోల చేస్తోంది. వాడి ఆచూకీ ఏంటో చూద్దాం అంటోంది."

"ఆ టారో కార్డులా? ఇప్పుడా?"

"విను. ఇంటికొచ్చినవాళ్లకి జోస్యం చెప్పేటప్పుడు కూడా ఆవిడకి కనబడదు కదా. నేనే కార్డు చూసి, బొమ్మలో ఏముందో చెబుతాను. అర్థం ఆవిడ చెబుతుంది. నాలుగేళ్లుగా అలాగే నడుస్తోంది. ఇవాళ ఏ కార్డు వచ్చినా సరే, నేను చావు కార్డు బొమ్మే చెబుతాను. అప్పుడు ఆ మాట ఆవిడ నోటే వస్తుంది. నేను అనక్కర్లేదు."

"ఆ బొమ్మ నీకు తెలుసా?"

"కార్డులతో పాటు ఇచ్చిన పుస్తకంలో ఉంది. వంటింట్లో నిలబడి పదిసార్లు చూసుకున్నాను."

"చెల్లెమ్మా, మోసం కాదూ?"

"మోసమే. నీ దగ్గర ఇంతకంటే మంచి దారి ఉంటే చెప్పు."

"లేదు."

"అయితే వెళ్లు. వ్యానుతో పాటు రా."

"ఎవరే అక్కడ? ఎవరితోనే గుసగుసలు?"

"ఎవరూ లేరత్తయ్యా! కొరియర్ అతను, ఇల్లు తప్పొచ్చాడు! ... వెళ్లు అన్నయ్యా, వెళ్లు."

లోపలి గది. అత్త, కోడలు.

"ఇల్లు తప్పొచ్చినవాడికి అంతసేపు దారి చెప్పావా?"

"పక్క వీధి అత్తయ్యా. ఎంత చెప్పినా అర్థం కాలేదు."

"దగ్గు మాత్రం అచ్చం మన స్పానర్ దగ్గే."

"అందరూ ఒకేలా దగ్గుతారు."

"అదీ నిజమే. స్పానర్ అయితే వీధి చివర్నుంచే అరిచేవాడు, ముసలమ్మా నాకు లాటరీ ఎప్పుడు తగులుతుందని. ఇల్లు తెలిసినవాడు గుమ్మంలో గుసగుసలాడ్డం ఎందుకు? సరే, కూర్చో. గుడ్డ పరిచావా?"

"పరిచాను."

"కిటికీ తియ్యి. కార్డుకి వెలుగుండాలి. నాకు కాదులే, నీకు. నీ చేతులేంటి ఇంత చల్లగా ఉన్నాయి?"

"గిన్నెలు కడిగాను."

"పొద్దుట్నుంచీ ఎన్నిసార్లు కడుగుతావే ఆ నాలుగు గిన్నెల్ని? అరిగిపోతాయి."

"మీరు కార్డులు కలపండి అత్తయ్యా."

"కలుపుతున్నాను, తొందరేంటి. నువ్వెప్పుడూ ఇలా తొందరపెట్టేదానివి కాదే. ఇంటివాళ్లకి చూడకూడదని నేనే చెబుతుంటాను, తెలుసుగా. డాక్టర్లు సొంత పిల్లలకి ఆపరేషన్ చేయరు. ఇదీ అంతే, చెయ్యి వణుకుతుంది. కానీ మనసు ఊరుకోవట్లేదు. ఇదిగో, పరిచాను. ఎడమచేత్తో ఒకటి తియ్యి. ఆలోచించకు."

"తీశాను."

"రూలు గుర్తుందా?"

"బొమ్మ చెప్పాలి, పేరు చెప్పకూడదు."

"ఎందుకని?"

"పేరు వింటే మనిషి అక్కడే ఆగిపోతాడు. బొమ్మలోకి రాడు."

"అబ్బో, బాగానే వంటబట్టింది. నేను పోయాక షాపు నువ్వే నడుపుకోవచ్చు. ఊ, చెప్పు. మధ్యలో ఏముంది?"

"ఉండండి, వెలుగు వైపు తిప్పుకుంటున్నాను."

"చూస్తున్నావా?"

"చూస్తున్నానత్తయ్యా. గుర్రం. గుర్రం ఉంది."

"ఏ రంగు?"

"తెల్లది."

"మీద ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నారు."

"ఎవరే? అడిగితే గానీ చెప్పవా?"

"ఎముకలు. ఎముకల మనిషి. నల్ల కవచం తొడుక్కుని ఉన్నాడు."

"..."

"అత్తయ్యా, వింటున్నారా?"

"విన్నాను. కాలు తిమ్మిరెక్కింది, ఆ దిండు ఇటు జరుపు. ఇంకొంచెం. ఆ, చాలు. నువ్వు కూర్చో, నిలబడకు. ఎముకల మనిషి. సరే. దానికి అంత గొంతు పీలగా పెట్టుకుని చెప్పాలా? భయపడాల్సిందేం లేదు. ఈ కార్డు చూసి సగం మంది లేచి చెప్పులు వేసుకునేవాళ్లు. రెక్క పట్టి కూర్చోబెట్టి చెప్పేదాన్ని, ఇది మార్పు నాయనా, పాతది పోయి కొత్తది వస్తుంది, అంతే అని. వీడు ఉద్యోగం మానేస్తాడేమో. ఎన్నాళ్లుగానో అంటున్నాడుగా, ఆ లిఫ్టు బావుల్లోకి దిగే పని ఇక నావల్ల కాదమ్మా, చిన్న కొట్టు పెట్టుకుంటానని. అదే అయ్యుంటుంది. చూశావా, మంచి కార్డే."

"బొమ్మ ఇంకా ఉందత్తయ్యా."

"ఉంటుంది. నిదానంగా చెప్పు, ఎవరూ తరమట్లేదు. చేతిలో ఏముంది?"

"జెండా. నల్ల జెండా, దాని మీద తెల్ల పువ్వు."

"ఎన్ని రేకులు?"

"అయిదు."

"లెక్కపెట్టే చెప్పావా?"

"పెట్టానత్తయ్యా."

"కత్తి ఉందా?"

"లేదు."

"అదీ. కత్తి లేదు, జెండానే ఉంది. అంటే కొట్టడానికి వచ్చినవాడు కాదు, కబురు చెప్పడానికి వచ్చినవాడు. కబురు తెచ్చినవాడి తప్పేమీ ఉండదు. వాడి మీద కోపం పెట్టుకోకూడదు. తెచ్చినవాడు కూడా తన మీద తను కోపం పెట్టుకోకూడదు."

"కబురు మంచిదో చెడ్డదో జెండాని చూస్తే తెలుస్తుందా?"

"జెండా మీద రాసుండదుగా. కింద ఏముంది చెప్పు."

"గుర్రం కాళ్ల దగ్గర ఒక రాజు పడి ఉన్నాడు."

"వెల్లకిలా, బోర్లా?"

"వెల్లకిలా. కిరీటం ఊడి పక్కన పడింది."

"పైబట్ట నీలం కదూ?"

"ఆ... నీలమే."

"కళ్లు?"

"మూసుకుని ఉన్నాయి."

"దెబ్బ కనబడుతోందా?"

"మొహం మీద లేదత్తయ్యా. మొహం బాగానే ఉంది."

"బాగా చూసి చెప్పు."

"చూశాను. నిద్రపోతున్నట్టే ఉంది. మొహానికేమీ కాలేదు."

"ఊ."

"అత్తయ్యా, రాజంటే ఎవరు?"

"పెద్ద అధికారం ఉన్నవాడని పుస్తకాల్లో రాస్తారు. మనలాంటి ఇళ్లలో అధికారాలెక్కడివి? పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని బయటికెళ్లి, సాయంత్రం గ్రీజు చేతుల్తో తిరిగొచ్చేవాడే రాజు. పడ్డాడంటే పని పోయిందని. లేదా జ్వరమొచ్చి మంచం ఎక్కాడని. పడినవాడు లేవడని ఎక్కడుంది?"

"అత్తయ్యా—"

"ఎక్కడుంది? బొమ్మలో ఉందా?"

"లేదు."

"లేదుగా. మరి ఊరుకో. గుర్రానికి ఎదురుగా ఎవరున్నారు?"

"ఒక పెద్దాయన. పసుపురంగు అంగీ, ఎత్తు టోపీ. పదిమందికి నీతులు చెప్పే గురువులా ఉన్నాడు."

"చేతులు?"

"జోడించి ఉన్నాయి."

"వేడుకుంటున్నాడు. గుర్రం మీదవాడు వింటున్నాడా?"

"ఆయన వైపు చూడను కూడా చూడట్లేదు."

"చూడడు. ఎంత పెద్ద అంగీ వేసుకున్నా చూడడు. బతుకంతా ఊళ్లోవాళ్లకి మంచీ చెడూ చెప్పినాయన, తన దాకా వచ్చేసరికి చూడు, రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. ఆయన్ని చూస్తే నాకు ఎప్పుడూ నవ్వొచ్చేది."

"ఇప్పుడు రావట్లేదా?"

"ఇప్పుడు కనబడట్లేదుగా. పక్కన ఆడమనిషి ఉందా?"

"ఉంది. మోకాళ్ల మీద కూలబడింది. మొహం పక్కకి తిప్పేసుకుంది."

"ఎందుకు తిప్పుకుంది?"

"చూడలేక."

"చూసేసింది కాబట్టి తిప్పుకుంది. చూడనివాళ్లు తిప్పుకోరు. పెళ్లికాని పిల్ల అంటారు, నేనొప్పుకోను. ఇల్లాలే. ఏడుస్తోందా?"

"తెలీట్లేదత్తయ్యా."

"ఏడవట్లేదు. ఎవరి ముందో ఏడవకూడదని బిగబట్టుకుంది. నిన్నట్నుంచీ అలాగే ఉండుంటుంది. అన్నం కూడా తిని ఉండదు."

"మంచినీళ్లు తెస్తాను—"

"కూర్చోవే! నీళ్లు, నీళ్లు. నిన్నేం అనట్లేదు, బొమ్మ గురించి చెబుతున్నాను. పిల్ల ఉందా?"

"ఉంది. చిన్నది. చేతిలో పూలున్నాయి."

"తల దించుకుందా?"

"లేదు. ఎత్తి చూస్తోంది, గుర్రాన్ని."

"భయపడుతోందా?"

"లేదు."

"వాళ్లు మనంత భయపడరు. వాళ్లకి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఊరెళ్లాడనీ, నిద్రపోతున్నాడనీ కథలు చెబితే పెద్దయ్యాక క్షమించరు. దగ్గర కూర్చోబెట్టుకుని, చెయ్యి పట్టుకుని చెప్పాలి. గుర్తుపెట్టుకో."

"ఎందుకు... నాకెందుకు చెబుతున్నారిది?"

"బొమ్మలో పిల్ల ఉందన్నావు కాబట్టి. మన పిల్లని బడి ఎన్నింటికి వదుల్తారు?"

"మూడున్నరకి."

"ఎవరు తెస్తున్నారు?"

"పిన్ని."

"ఒంట్లో బాగోలేదన్నావు?"

"తగ్గింది."

"తగ్గితే మంచిదే."

"అత్తయ్యా, ఒకటి అడగనా? ఈ కార్డు వచ్చాక నిజంగా ఎవరైనా పోయారా? మీరు మార్పు అని చెప్పాక?"

"ఒకామె మొగుడు పోయాడు."

"ఎవరు?"

"బట్టలు కుట్టేది. మొగుడికి బాగోలేదని వచ్చింది. ఈ కార్డే తీసింది. చెప్పులు వేసుకోబోతుంటే లాగి కూర్చోబెట్టాను. మార్పమ్మా, రోగం పోయి ఆరోగ్యం వస్తుంది అన్నాను. వారం తిరక్కుండా పోయాడు. నెల తర్వాత మళ్లీ వచ్చింది. నా జుట్టు పట్టుకుంటుందనుకున్నాను. ఎదురుగా కూర్చుని, నువ్వు చెప్పిన అబద్ధంతో వారం రోజులు కడుపునిండా తిని నిద్రపోయానమ్మా అంది. లేచి వెళ్లిపోయింది. తిట్టిందో, పొగిడిందో నాకు ఇప్పటికీ తెలీదు."

"ఆయన పక్కన మేలుకుని ఉండాల్సిన వారమేమో అది."

"అయ్యుండొచ్చు. ఆ మాట ఇన్నేళ్లలో నాకు తట్టకుండా ఉంటుందా? వెనకాల ఏముంది?"

"నది. చిన్న పడవ. అవతల రెండు బురుజులు, వాటి మధ్య సూర్యుడు."

"పొడుస్తున్నాడా, గుంకుతున్నాడా?"

"ఎలా తెలుస్తుంది?"

"చూసేదానివి నువ్వు. నువ్వే చెప్పాలి."

"సగమే కనబడుతున్నాడు. ఏదైనా కావచ్చు."

"అదే మరి. అప్పట్లో అందరికీ పొద్దుపొడుపనే చెప్పాను. చూడండి, వెనకాల తెల్లారుతోంది అని. నీకెలా తెలుసని ఒక్కరూ అడగలేదు. బొమ్మ గీసినవాడికి తెలుసేమో, నాకైతే తెలీదు. ఎదురుగా ఉన్న మనిషి మొహం చూసేదాన్ని. ఆ మొహం గుమ్మం దాటి ఇంటిదాకా నడవాలంటే తెల్లారాలి. అందుకని తెల్లారేది."

"అత్తయ్యా, గుంకుతున్నాడు."

"ఇప్పుడేగా ఏదైనా కావచ్చన్నావు."

"కాదు. గుంకుతున్నాడు. ఉద్యోగం మానేయడం కాదత్తయ్యా ఇది."

"అయితే ఇల్లు మారడం. ఇంటాయన ఖాళీ చేయమంటున్నాడుగా."

"ఇల్లు కాదు."

"పోనీ, వాడికి ఎవత్తైనా తగిలిందేమో. నిన్నొదిలేసి పోయాడేమో. అదీ మార్పేగా. అదైతే ఎంత బాగుండు, చెవి మెలేసి ఈడ్చుకొస్తాను. ఆ మొహానికి నువ్వు దొరకడమే ఎక్కువ."

"నవ్వించకండి అత్తయ్యా."

"నవ్వవే. నవ్వితే ఏం పోయింది?"

"నవ్వలేను."

"టైమెంత?"

"మూడుంబావు."

"ఇంకా మూడుంబావేగా. మళ్లీ మొదట్నుంచీ చెప్పు. గుర్రం ఏ కాలు ఎత్తింది?"

"చాలత్తయ్యా."

"కళ్లెం మీద పుర్రెలుంటాయి చూడు. చిన్నచిన్నవి. లెక్కపెట్టు."

"నావల్ల కాదు."

"లెక్కపెట్టమన్నానా!"

"చావు కార్డత్తయ్యా ఇది! చావు! మార్పు కాదు, కొత్తది రావడం కాదు. మనిషి పోయాడని అర్థం. ఒక్కసారి ఆ మాట అనరేం మీరు? ఇందాకట్నుంచి ఎదురు చూస్తున్నాను, మీరంటారని. మీరంటే నేను... మీరంటే..."

"పేరు చెప్పకూడదన్నానుగా."

"చెప్పేశాను."

"చెప్పేశావు."

"అత్తయ్యా..."

"ఇటు రా. దగ్గరికి రా. ఆ కార్డు కింద పడెయ్, పాపం అది ఏ మంచి కార్డో. చావు కార్డు ఈ కట్టలో లేదే పిచ్చిదానా. మీ మామయ్య చనిపోయిన వారమే నేను తీసి పొయ్యిలో పెట్టాను, నువ్వీ ఇంటికి రాకముందే. గుర్రం మీద ఎముకలని నువ్వన్నప్పుడే నా కొడుకు లేడని తెలిసింది. ఆ మాట నీ నోట వచ్చేదాకా వాడు ఉన్నట్టేనని, అర్థాలు చెబుతూ కూర్చున్నాను. ఏడువు, ఇంక ఆపుకోకు. ఒక్కటి మాత్రం చెప్పి ఏడువు. వాడి దగ్గర ఇప్పుడు ఎవరున్నారు?"